‘అబిసీనియా, హెన్రీ’కి తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

‘మాష్’ అనే పాత అమెరికన్ కామెడీ సీరియల్ చూస్తున్నాను. మూడో సీజన్ చివరి ఎపిసోడ్ చూసి ఇంకా తేరుకోలేదు. అంతసేపూ నవ్వించి ఆఖర్న అలా చేస్తారా! మా ఇంట్లో పెద్దవాళ్ళ కోసం తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను, ఆ ఎపిసోడ్ పేరు దగ్గరే ఆగిపోయాను. ‘అబిసీనియా, హెన్రీ’ని ‘వెళ్ళొస్తా’ అంటే సరిపోతుందా?

జవాబు:

దాదాపు సరిపోతుందండీ. కాకపోతే ‘వెళ్ళొస్తా’ వెళ్ళేవాడి మాట. ఈ పేరు హెన్రీని ఉద్దేశించి ఉంది, అనేది అక్కడ ఉండిపోయేవాళ్ళు. అందుకని ‘వెళ్ళి రా, హెన్రీ’ అని పెట్టండి. ఈ ఎపిసోడ్ అంటే నాకు ప్రాణం కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

చూడనివాళ్ళ కోసం ముందు కథ. కొరియా యుద్ధంలో అమెరికా సైన్యం నడిపిన ఒక డేరాల ఆసుపత్రి. దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ హెన్రీ బ్లేక్, పెత్తనం చెయ్యడం చేతకాని మంచి మనిషి. 1975 మార్చి 18న వచ్చిన ఈ ఎపిసోడ్‌లో ఆయన్ని ఇంటికి పంపిస్తూ ఉత్తర్వు వస్తుంది. అందరూ కలిసి తాగుతారు, పాడతారు, ఆయనకి కొత్త సూటు బహుమతిగా ఇస్తారు. బయల్దేరే ముందు ఆయన రాడార్ అనే గుమాస్తా కుర్రాణ్ణి కావలించుకుని, బుద్ధిగా ఉండకపోతే తిరిగొచ్చి తంతానని బెదిరిస్తాడు. తిట్టులో కూడా ‘తిరిగొస్తా’ ఉంది చూడండి.

అబిసీనియా ఇథియోపియాకి పాత పేరు. ‘ఐ విల్ బీ సీయింగ్ యా’ అని గబగబా అంటే అలా వినిపిస్తుంది కాబట్టి దాన్ని సరదాగా వీడ్కోలు మాటగా వాడుకున్నారు. మళ్ళీ కలుద్దాం అనే అర్థం. దీనికోసం తెలుగులో ఏదో ఊరి పేరు వెతికి శ్లేష కుదర్చాలని తంటాలు పడకండి. శ్లేష పోతే పోయింది, మళ్ళీ కలుస్తామన్న భరోసా మాత్రం పోకూడదు. ఎపిసోడ్ మొత్తం దెబ్బ కొట్టేది దానిమీదే.

ఆ భరోసా మన మాటలో ఇంకా గట్టిగా ఉంది. ‘వెళ్ళి వస్తాను’లో వెళ్ళడం అసమాపక క్రియ, రావడం సమాపక క్రియ. అంటే వాక్యాన్ని పూర్తి చేసేది రావడమే. ‘వెళ్ళి రా’లోనూ ఆజ్ఞ రమ్మనే. గుమ్మం దాటుతూ ‘వెళ్తున్నా’ అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ‘వెళ్ళొస్తా అనాలి’ అని దిద్దేది అందుకే. క్త్వార్థమైన ఇత్తుకు, అంటే ‘వెళ్ళి’ లాంటి అసమాపక క్రియ చివరి ఇకారానికి, సంధి లేదని వ్యాకరణకర్త చిన్నయసూరి సూత్రం. వాడుకలో మాత్రం ‘వస్తాను’ ‘ఒస్తాను’గా మారి, ముందున్న ఇకారాన్ని మింగేసి ‘వెళ్ళొస్తాను’ అయిపోయింది. వెళ్ళడానికీ రావడానికీ మధ్య సందు లేకుండా కలిసిపోయిన ఆ రూపమంటే నాకు చాలా ఇష్టం.

ఇక ఆపరేషన్ గది. ఈ సీరియల్లో వెనక నుంచి రికార్డు చేసిన నవ్వులు వినిపిస్తాయి కదా, ఆపరేషన్లు జరిగే చోట అవి ఉండవు. అలాంటి నిశ్శబ్దంలోకి రాడార్ మాస్క్ లేకుండా వస్తాడు. డాక్టర్ ట్రాపర్ మాస్క్ పెట్టుకోమని కసురుతాడు. రాడార్ చేతిలోని కాగితం చదువుతాడు: హెన్రీ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారు. ఎవరూ తలెత్తి ఏడవరు, చేతులు పని చేస్తూనే ఉంటాయి. దర్శకుడు లారీ గెల్‌బార్ట్ స్క్రిప్టులో ఈ ఆఖరి పేజీని నటుల్లో చాలామందికి చివరి దాకా చూపించలేదు. షూటింగులో ఎవరి చేతిలోంచో పరికరం జారి కింద పడితే ఆ చప్పుడు కూడా అలాగే ఉంచేశారు. తర్వాత ప్రేక్షకుల నుంచి కోపంగా బోలెడన్ని ఉత్తరాలు వచ్చాయి.

మీ సబ్‌టైటిల్స్‌లో అసలు కష్టం ఇక్కడుంది. మన పత్రికల అలవాటు చొప్పున ‘దుర్మరణం పాలయ్యారు’, ‘అసువులు బాశారు’ అని రాశారంటే దృశ్యం చచ్చిపోతుంది. రాడార్ చదివేది మిలిటరీ సందేశం, అందులో విశేషణాలుండవు. నేనైతే ఇలా రాస్తాను: ‘విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోయింది. ఎవరూ బతకలేదు.’ అంతకు మించి ఒక్క మాట వద్దు. పేరులో ‘రా’ ఉండి, ఇక్కడ ‘బతకలేదు’ ఉంటే చాలు.

వీడ్కోలు మాటనే పేరుగా పెట్టి ఇలా గుండె పిండిన కామెడీ ఇంకొకటుంది. ‘బ్లాకాడర్’ నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్, 1989 నవంబర్ 2న బీబీసీలో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకంలో ఆరు ఎపిసోడ్ల పాటు నవ్వించినవాళ్ళు చివరికి తుపాకి గుళ్ళకి ఎదురెళ్తారు, ఆ నేల గసగసాల పూల పొలంగా మారిపోతుంది. దాని పేరు ‘గుడ్‌బై’నే సాగదీసి పలికిన రూపం. తెలుగులో ‘వెళ్ళొస్తానోయ్’ అనొచ్చు. ఇక్కడ మాత్రం వెళ్ళేవాళ్ళ మాటే సరైనది.

మరో సభ్యురాలు:

మాది కరీంనగర్. మా దగ్గర ‘పోయొస్త’, ‘పోయి రా’ అంటం. పోవుడంటే మాకు ఉత్త వెళ్ళుడే, అందుల అపశకునం ఏం లేదు. నేను రాస్తే ‘పోయి రా, హెన్రీ’ అనే రాస్త. తప్పా?

జవాబు:

తప్పెందుకవుతుందక్కా! మీ మాటలో అదే సహజం. పైగా ‘పోయి రా’లోనూ వాక్యాన్ని ముగించేది ‘రా’యే. ఒక్కటే జాగ్రత్త: చావు కబురు దగ్గర ‘పోయిండు’ అని రాయకండి. వెళ్ళడానికీ చనిపోవడానికీ ఒకే క్రియ వాడితే వినేవాళ్ళకి ఇంకా ఆశ మిగులుతుంది. ఆ ఇబ్బంది ఎంతదో తెలియాలంటే ‘సెసమీ స్ట్రీట్’ చూడాలి.

చిన్నపిల్లల కార్యక్రమం అది. అందులో కొట్టు నడిపే హూపర్ గారి పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబర్‌లో చనిపోయారు. వేరే నటుణ్ణి పెట్టకుండా, ఆ పాత్ర కూడా చనిపోయిందని పిల్లలకి చెప్పేశారు. 1983 నవంబర్ 24న వచ్చిందా ఎపిసోడ్. నిద్రపోయాడనో, దూరం వెళ్ళాడనో నచ్చజెప్పే మాటలేవీ వాడలేదు. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షి తన స్నేహితులందరి బొమ్మలూ గీసి పంచిపెడుతుంది. హూపర్ గారి బొమ్మ మిగులుతుంది. ఆయన చనిపోయారని ముందే చెప్పాం కదా అని పెద్దవాళ్ళు గుర్తు చేస్తే, ‘అవును కదా, అయితే తిరిగొచ్చాక ఇస్తాలే’ అంటుంది. చనిపోయినవాళ్ళు తిరిగి రారని అప్పుడు చెప్పాల్సి వస్తుంది. ‘పోయారు’ అని అనువదిస్తే బిగ్ బర్డ్ అడిగింది పూర్తిగా సబబైన ప్రశ్నే అవుతుంది. పోయినవాళ్ళు రావాలి కదా! అందుకే అక్కడ ‘చనిపోయారు’ తప్ప వేరే మాట పనికిరాదు.

ఎందుకిలా జరగాలని బిగ్ బర్డ్ పట్టుబట్టి అడిగితే ఆ పెద్దవాళ్ళలో ఒకడైన గోర్డన్ గొంతు తడబడుతూ ఇచ్చే జవాబు కూడా అనువదించడం కష్టమే. కారణం చెప్పబోయి, కారణం లేదని ఒప్పుకునే మాట. ‘విధి’, ‘దేవుడి దయ’ లాంటివి అక్కడికి తేకూడదు, అతను వాటి జోలికి పోలేదు. నాకు తోచింది ‘ఎందుకంటే... అంతే.’ ఇంతకన్నా మంచిది ఎవరికైనా తడితే కింద రాయండి.