ఉబుంటు 24.04కు మారుతుండగా డిస్కు ఎర్రర్లు: పాటల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి

పంతులమ్మ_ఒంగోలు:

అందరికీ నమస్కారం. బడిలో తెలుగు చెబుతాను. ఇంట్లో డెస్క్‌టాప్ మీద విండోస్ బదులు ఉబుంటు లినక్స్ 22.04 వాడుతున్నాను. డిస్కు 2016లో కొన్నది, ఒక టెరాబైటు, అంతా ఒకటే పార్టిషన్. శనివారం సాయంత్రం 24.04కు అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. డౌన్‌లోడ్ సాఫీగానే అయింది. ప్యాకేజీలు ఎక్కుతూ సగంలో ఆగిపోయాయి. మౌస్ కదల్లేదు. సీపీయూ పెట్టెలోంచి నాలుగైదు సెకన్లకు ఒకసారి టక్కు టక్కుమని చప్పుడు. అరగంట చూసి, ఇక పవర్ బటన్ నొక్కి ఆపేశాను.

మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర. అందులో పదే పదే కనిపించే వరుస ఇది: ఐ/ఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీఏ, సెక్టార్ 1187462016. దాని కింద ఫైల్ సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా, మార్చినట్టు ఇంకో వరుస.

నా భయమంతా వేరే. తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో చీరాల, పర్చూరు, అద్దంకి వైపు ఊళ్లు తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్న దంపుళ్ల పాటలు, తిరుగలి పాటలు, లాలి పాటలు ఈ డిస్కులో 340 ఉన్నాయి. పాడినవాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు. ఇంకెక్కడా కాపీ లేదు. కొత్త వెర్షన్ వల్లే డిస్కు పాడైందా? అప్‌గ్రేడ్ మళ్లీ నడిపితే సరిపోతుందా?

కొత్తకమాండు:

నాకూ ఒకసారి అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయింది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఫైల్ సిస్టమ్‌లో తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) కమాండును ‘వై’ ఆప్షన్‌తో నడిపాను. తర్వాత ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ (dpkg) కమాండుతో మిగిలిన ప్యాకేజీలను కాన్ఫిగర్ చేయిస్తే అంతా కుదురుకుంది. మీరూ అలాగే చేయండి.

రాత్రిడ్యూటీ:

టీచర్ గారూ, దయచేసి ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. ఆ కంప్యూటర్‌ను ఇప్పుడే ఆపేయండి. పైన తమ్ముడు చెప్పింది కరెంటు పోయినప్పుడు పనికొచ్చే వైద్యం, ఎందుకంటే అక్కడ డిస్కు ఆరోగ్యంగానే ఉంటుంది. మీ డిస్కు చప్పుడు చేస్తోంది, సెక్టార్ (డేటా దాచే చిన్న గడి) చదవలేకపోతున్నానని తానే చెబుతోంది. నేను పద్నాలుగేళ్లుగా సర్వర్ల గదిలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తున్నాను. చదవలేని డిస్కు మీద మరమ్మతు మొదలుపెట్టి ఉన్న ఫైళ్లు కూడా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

కొత్త వెర్షన్ తప్పేమీ లేదు. అప్‌గ్రేడ్ అంటే వేల ఫైళ్లను చదివి, తీసి, కొత్తవి రాయడం. ఏళ్ల తరబడి ఎవరూ తాకని మూలలను కూడా అది తాకుతుంది. ఎప్పుడో దెబ్బతిన్న చోటు ఆ రోజు బయటపడుతుంది.

ఎఫ్‌ఎస్‌సీకే ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. చదవలేకపోయిన సెక్టార్‌ను డిస్కు ‘పెండింగ్’ అని లెక్క రాసుకుంటుంది. అక్కడ ఏదైనా కొత్తగా రాస్తే, ఆ చోటు పనికిరాకపోతే దాన్ని వదిలేసి దాచి ఉంచిన వేరే సెక్టార్‌ను వాడుకుంటుంది. ఎర్రర్ పోయినట్టే కనిపిస్తుంది. కానీ అంతకు ముందు అక్కడున్నది ఇక తిరిగి రాదు. ఎఫ్‌ఎస్‌సీకే చేసేదే రాయడం, అదీ ‘వై’ పెడితే మిమ్మల్ని అడగకుండా.

ముందు ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ట్రై మోడ్‌లో, అంటే డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేలా, బూట్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కవద్దు, డిస్కును మౌంట్ చేయవద్దు, అంటే ఫైళ్ల కోసం తెరవవద్దు. స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండుతో, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టిక తీసి 5, 197, 198, 199 వరుసల్లో చివరి అంకెలు ఇక్కడ పెట్టండి.

పంతులమ్మ_ఒంగోలు:

5లో 48. 197లో 312. 198లో 312. 199లో సున్నా. డిస్కు ఇప్పటిదాకా నడిచింది 21640 గంటలని 9వ వరుసలో ఉంది.

రాత్రిడ్యూటీ:

199 కేబుల్ తేడాను పట్టి ఇచ్చే వరుస. అది పెరుగుతూ ఉంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడమనేవాణ్ని. సున్నా కాబట్టి కేబుల్ మీద అనుమానం పెద్దగా లేదు, జబ్బు డిస్కులోనే ఉంది. 312 చోట్ల చదవలేకపోతోంది. డిస్కు మొత్తానికి 195 కోట్లకు పైగా సెక్టార్లు ఉంటాయి, కాబట్టి ఆశ వదులుకోకండి. చాలావరకు వస్తాయి.

రెండు టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి కొనండి. దాన్ని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 (ext4) పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అయితే నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు, మనం రాయబోయేది ఒక టెరాబైటు ఫైలు. తర్వాత చెడిన డిస్కు నుంచి కాపీ తీసే జీడీడీరెస్క్యూ (gddrescue) ప్యాకేజీ ఎక్కించండి. నడిపేటప్పుడు మాత్రం పేరు డీడీరెస్క్యూ, ముందు ‘జీ’ ఉండదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. మొదటిసారి ‘ఎన్’ ఆప్షన్‌తో నడిపితే బాగున్న చోట్లన్నీ ముందు కాపీ చేసుకుని, మొండికేసిన చోట్లను గీకకుండా తర్వాతకు వదిలేస్తుంది. రెండోసారి ‘ఆర్3’తో ఆ చోట్లను మూడు సార్లు మళ్లీ అడుగుతుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలును కూడా ఎక్స్‌టర్నల్ డిస్కులోనే పెట్టండి. ట్రై మోడ్‌లో హోమ్ ఫోల్డర్ ఉండేది మెమరీలో. కరెంటు పోతే అదీ పోతుంది.

ఎంటర్ నొక్కే ముందు, తగిలించి ఉన్న డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండు నడిపి ఏది పాత డిస్కో, ఏది కొత్తదో సైజు చూసి కాగితం మీద రాసుకోండి. ఆ రెండు పేర్లు తారుమారైతే నేను కాదు, ఎవరూ ఏమీ చేయలేరు.

కొత్తకమాండు:

నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. చప్పుడు సంగతి సరిగా చదవలేదు. టీచర్ గారూ, క్షమించండి.

పంతులమ్మ_ఒంగోలు:

అయ్యో, క్షమాపణ ఎందుకు బాబూ, సాయం చేద్దామనే కదా చెప్పావు.

మొన్న రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టాను. మొదటి దఫా నాలుగున్నర గంటల్లో అయింది. రెండో దఫా నిన్నంతా నడిచింది. కంప్యూటర్ పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి, పెట్టె మూత తీసి గాలి తగిలేలా చేశాను. కరెంటు పోకూడదని ఇన్వర్టర్ మీద వేరే ఏదీ నడపలేదు, ఫ్రిజ్ కూడా ఆపేశాం. చివరికి 99.99 శాతం వచ్చిందని చూపించింది.

అసలు డిస్కును పక్కన పెట్టేసి, ఇమేజ్‌ను, అంటే కాపీ చేసిన ఆ పెద్ద ఫైలును, రీడ్ ఓన్లీగా తెరిచాను. 340 ఫైళ్లూ ఫోల్డర్‌లో కనిపిస్తున్నాయి. కానీ వాటిలో ఏవి దెబ్బతిన్నాయో తెలుసుకోవడం ఎలా? అన్నీ కూర్చుని వినాలా?

రాత్రిడ్యూటీ:

వినాల్సిన పని లేదు. మ్యాప్ ఫైలులో రాని చోట్లు బైట్లలో ఉంటాయి. అందులోంచి పార్టిషన్ మొదలయ్యే చోటు తీసేసి 4096తో భాగిస్తే బ్లాకు నంబరు వస్తుంది. ఫైల్ సిస్టమ్ లోపలికి చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్ (debugfs) కమాండులో ఐచెక్‌కు ఆ నంబరు ఇస్తే ఐనోడ్, అంటే ఫైలుకు లోపల ఉండే నంబరు, చెబుతుంది, ఎన్‌చెక్‌కు ఐనోడ్ ఇస్తే ఫైలు పేరు చెబుతుంది. లెక్క దగ్గర తడబడితే మ్యాప్ ఫైలు ఇక్కడ పెట్టండి, చేసి ఇస్తాను.

సగం ఎక్కిన సిస్టమ్‌ను అతికించే ప్రయత్నం మాత్రం చేయకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద 24.04 తాజాగా ఎక్కించి, పాటలు మాత్రం తెచ్చుకోండి. ఇంకో కాపీ చెల్లెలి ఇంట్లోనో, స్నేహితురాలి ఇంట్లోనో పెట్టండి.

పంతులమ్మ_ఒంగోలు:

లెక్క నేనే చేశాను, లెక్కల మాస్టారు సరిచూశారు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ సిస్టమ్ ఫైళ్లే. పాటల్లో ఒక్కటే. పర్చూరు దగ్గర ఒక అవ్వ వడ్లు దంచుతూ పాడింది, ఏడు నిమిషాలు. నాలుగో నిమిషంలో ఒకటిన్నర సెకన్లు ఏమీ వినపడదు. అక్కడ రోకటి పోటు ఒకటి, ‘ఓ’ అన్న చిన్న ఊపిరి ఒకటి ఉండేవి. ఆ తర్వాత పాట మళ్లీ అందుకుంటుంది, చివరిదాకా ఉంది.

ఇవాళ సాయంత్రం రెండో కాపీ తీసుకుని చీరాలలో మా అక్క ఇంటికి వెళ్తున్నాను.