పూడికతీత సెక్షన్లు స్కాన్ క్లౌడ్ నుంచి తీస్తే స్లైస్ మందం ఎంత పెట్టాలె?

హాలియా లెవెల్: డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) పొడవు 4 కిలోమీటర్లు. బెడ్ వెడల్పు 3 మీటర్లు, లోతు మీటరున్నర, సైడ్ స్లోప్ ఒకటిన్నరకు ఒకటి. పూడిక తీయకముందు, తీసినంక డ్రోన్ లైడార్ (లేజర్‌తోని నేలను పాయింట్లుగా కొలిచేది, ఆ పాయింట్ల కుప్పే క్లౌడ్) ఎగిరింది. చదరపు మీటరుకు సుమారు 200 పాయింట్లు పడ్డయి. క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్‌ల 25 మీటర్లకొక సెక్షన్, అంటే కాలువ అడ్డకోత గీత, తీస్తున్న. ఒక్కో సెక్షన్‌కు కోసే పాయింట్ల పట్టీ (స్లైస్) మందం 10 సెంటీమీటర్లు పెడితే గీత మధ్యమధ్యల తెగుతున్నది. 50 పెడితే స్లోప్ మీద గీత రంపం పళ్ల లెక్క వస్తున్నది. ఏది పెట్టాలె?

పాలమూరు క్లౌడ్: గీత ఎందుకు తెగుతుందో ముందు లెక్క చూడండి. 10 సెంటీమీటర్ల పట్టీ, 12 మీటర్ల అడ్డం అంటే 1.2 చదరపు మీటర్లు, అంటే 240 పాయింట్లు. తుంగ, జమ్ము ఉన్నచోట పదింట ఒక్క పాయింటే నేల దాకా దిగిందనుకుంటే మిగిలేవి 24, అర మీటరుకు ఒకటి. గీత తెగక ఏం చేస్తుంది? కాబట్టి 40 నుంచి 50 పెట్టండి. రంపం పళ్లు మందం వల్ల రావడం లేదు, సెక్షన్ కాలువకు అడ్డంగా సరిగ్గా పడలేదు. 10 డిగ్రీలు వాలితే 50 సెంటీమీటర్ల పట్టీలో గట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు 9 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది, స్లోప్ మీద ఎత్తులో అది దాదాపు 6.

దేవరకొండ డ్రోన్: వంపుల దగ్గర మందం తగ్గించాలె, లేకుంటే వంపు గీతల కలుస్తది.

పాలమూరు క్లౌడ్: కలవదు. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో 50 సెంటీమీటర్ల పట్టీ తీసుకుంటే వంపు వల్ల వచ్చే తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. తప్పు కాలువ నడుమ గీసిన మధ్యగీతలో ఉంది, సెక్షన్లు దానికి అడ్డంగా పడతాయి. అదే వంపులో ఆ గీత (పాలీలైన్) పాయింట్లు 20 మీటర్లకొకటి పెడితే ముక్క చివర్లలో సెక్షన్ 11 డిగ్రీలు వాలుతుంది. 2 మీటర్లకొకటి పెట్టండి, ఒక డిగ్రీకి దిగుతుంది. మందం అలాగే ఉండనివ్వండి.

స్టాఫ్ రీడింగ్: 10 పెట్టినా 50 పెట్టినా బెడ్‌ల నీళ్లున్నయా లేవా? అది ఎవరూ అడుగుతలేరు. మామూలు లైడార్ నీళ్ల కింద నేలను చూడదు. నీటి అడుగు దాకా పోవాలంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కావాలె, మన దిక్కు డ్రోన్ల మీద ఉండేది అది కాదు. మడుగు ఉన్నచోట మీ సెక్షన్‌ల నీటిమట్టమే బెడ్ అయి కూసుంటది. అక్కడ స్టాఫ్ (లెవెల్ కొలత కర్ర) పట్టుకొని దిగాల్సిందే.

పాలమూరు క్లౌడ్: సారూ, కాలువకు నీళ్లు కట్టేసినంకనే స్కాన్ చేస్తారు. మడుగులు ఒకటి రెండు ఉంటే ఆ చోట్ల స్టాఫ్ లెవెల్స్ కలుపుకోవచ్చు. దాని కోసం మొత్తం క్లౌడ్ పారేయక్కర్లేదు.

స్టాఫ్ రీడింగ్: ఒకటి రెండని ఎవరు లెక్కపెట్టిన్రు?

నారాయణపేట చైనేజ్: సెక్షన్ నంబర్లు (చైనేజ్, అంటే కాలువ మొదలు నుంచి దూరం) కూడా చూసుకోన్రి. మహబూబ్‌నగర్ దాదాపు 78 డిగ్రీల రేఖ మీదనే ఉంటది. దానికి పడమర యూటీఎం (మ్యాప్ గ్రిడ్) 43వ జోన్, తూర్పు 44. ఈ అంచున గ్రిడ్ దూరం నేల దూరం కంటె కిలోమీటరుకు దాదాపు 80 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తది. 10 కిలోమీటర్ల కాడ తూము 8 మీటర్లు జరిగినట్టు కనవడ్తది.

హాలియా లెవెల్: మాది 79 దాటి ఉన్నది అన్నా, ఇక్కడ ఆ తేడా లేనట్టే.

కోదాడ క్యాడ్: సీఎస్‌ఎఫ్ (గడ్డి, చెట్లు తీసేసి నేల పాయింట్లు మిగిల్చే ఫిల్టర్) కొట్టినంక సెక్షన్లు తీసినవా, పచ్చి క్లౌడ్ మీదనేనా?

హాలియా లెవెల్: సీఎస్‌ఎఫ్ కొట్టిన. డిఫాల్ట్ సెట్టింగ్సే.

పాలమూరు క్లౌడ్: డిఫాల్ట్ అంటే క్లాత్ (ఫిల్టర్ కప్పే బట్ట అల్లిక కన్ను) 2 మీటర్లు, థ్రెషోల్డ్ (బట్ట నుంచి ఎంత ఎత్తు దాకా నేల అనుకోవాలో) అర మీటరు. రెండూ ఈ కాలువకు పనికిరావు. థ్రెషోల్డ్ అర మీటరు ఉంటే ఆ ఎత్తులోపు గడ్డంతా నేలగానే లెక్క. ఆ ఫిల్టర్ క్లౌడ్‌ను తలకిందులు చేసి పైనుంచి బట్ట కప్పినట్టు పనిచేస్తుంది. కాబట్టి మీటరున్నర వెడల్పున్న సన్నని కట్ట పైభాగం లోయలాగ మారి, 2 మీటర్ల బట్ట దాని లోపలికి దిగదు. కట్ట నెత్తి చెట్టుగా లెక్కపడి కొట్టుకుపోతుంది. క్లాత్ 0.3 నుంచి 0.5, థ్రెషోల్డ్ 0.1 పెట్టి మళ్లీ చేయండి. తర్వాత ఎన్వలప్ (పాయింట్ల మీద గీత గీసే తీరు) లోయర్ పెట్టండి, మిగిలిన గడ్డి మొదళ్లు కూడా పోతాయి.

స్టాఫ్ రీడింగ్: ఆగున్రి. లోయరా? లోయర్ అంటే పట్టీల అన్నిటికంటె కింద పడ్డ పాయింట్లను పట్టుకొని గీసే గీత. లేజర్‌ల ఉండే చిల్లర తేడా అంతా కిందికే లెక్కైతది. 4 సెంటీమీటర్లు కిందికి పోతే బెడ్ మీదనే 3 × 4000 × 0.04, అంటే 480 ఘనపు మీటర్లు. తవ్వని మట్టికి బిల్లు. ఇదేనా మీరు నేర్పేది?

పాలమూరు క్లౌడ్: రెండు సర్వేలకూ లోయరే పెడితే ఆ 4 సెంటీమీటర్లు రెండు దిక్కులా పోతాయి, తేడాలో మిగలవు. నేను దొంగ బిల్లు నేర్పుతున్నానని ఏ ఆధారంతో అన్నారు?

స్టాఫ్ రీడింగ్: గడ్డి ఉన్న ముందు క్లౌడ్, గీకిన తర్వాత క్లౌడ్, రెండిట్ల చిల్లర తేడా ఒక్కతీరే ఉంటదా? ఉండదు. అయినా రెండింటికీ ఒకటే సెట్టింగ్ పెట్టిన్రని చూసేదెవరు? స్టాఫ్ పెడితే ఆయకట్టు రైతు పక్కన నిలబడి రీడింగ్ చూస్తడు. మీది కంప్యూటర్‌ల అయిపోతది.

దేవరకొండ డ్రోన్: ఈ మాట మీదనే నాకు మూడు నెలలు పైసలు ఆగినయి. క్లౌడ్ అంటేనే అనుమానం.

స్టాఫ్ రీడింగ్: అనుమానం క్లౌడ్ మీద కాదు తమ్మీ. క్లౌడ్ మాకు ఇయ్యరు, సెక్షన్ గీతలే ఇస్తరు. గీతను పట్టుకొని ఏం తనిఖీ చేయాలె?

పాలమూరు క్లౌడ్: ఒప్పందంలో అడిగింది సెక్షన్లు. ముడి ఫైల్ సర్వేయర్ పని సరుకు. అడగాలంటే ముందే అడగాలి, దానికి ధర కట్టాలి.

స్టాఫ్ రీడింగ్: ఎం-బుక్ (బిల్లుకు కొలతలు రాసే పుస్తకం) ఎక్కే కొలతకు ఆధారం సర్వేయర్ సొంత సరుకు ఎట్లైతది? లెవెల్ బుక్‌ల పచ్చి రీడింగ్ ఉంటది, కొట్టేసినా కనవడ్తది. ఎల్ఏఎస్ ఫైల్ (ముడి పాయింట్ల ఫైల్) మా చేతిల లేకుంటే మందం మీద ఇంత చర్చ దేనికి?

హాలియా లెవెల్: ఒకటి చెప్పలేదు, తప్పు నాదే. ముందు సర్వే చేసింది వేరే ఏజెన్సీ. వాళ్లిచ్చింది డీఎక్స్‌ఎఫ్ (గీతల ఫైల్) ఒక్కటే. లోయరో ఫుల్లో రాసి లేదు.

పాలమూరు క్లౌడ్: అయితే నేను చెప్పిన మందం, లోయర్ రెండూ పక్కన పెట్టండి. పూడికతీతలో మారనిది ఏముంది? డ్రాప్ గోడ (కాలువ మట్టం దిగేచోట కట్టిన గోడ), తూము స్లాబ్. ముందు డీఎక్స్‌ఎఫ్‌లో అలాంటి కట్టడం మీద పడ్డ సెక్షన్ వెతకండి. దాని పైమట్టాన్ని మీ క్లౌడ్‌లోని మట్టంతో పోల్చండి. 2 సెంటీమీటర్లు దాటిందంటే బెంచ్‌మార్కు (ఎత్తు తెలిసిన గుర్తు) గాని ఎత్తుల లెక్క గాని రెండు సర్వేలకూ ఒకటే కాదన్నమాట.

హాలియా లెవెల్: 2,150 మీటర్ల కాడ డ్రాప్ గోడ ఉన్నది. ముందు దాంట్ల పైమట్టం 6 సెంటీమీటర్లు ఎక్కువ.

కోదాడ క్యాడ్: పై వెడల్పు 7.5 మీటర్లు. 7.5 × 4000 × 0.06 అంటే 1800 ఘనపు మీటర్లు.

పాలమూరు క్లౌడ్: ఒక్క గోడతో 4 కిలోమీటర్లూ తేల్చలేం. ఇంకో రెండు తూముల దగ్గర చూడండి. అక్కడా 6 వస్తే మొత్తం జరిగినట్టు. అప్పుడు పాత ఎల్ఏఎస్ ఫైల్ అడగాల్సిందే, ఈ విషయంలో సారు మాట నిజం.

స్టాఫ్ రీడింగ్: మూడు చోట్లా గోడల మీద స్టాఫ్ పెట్టి, పాత బెంచ్‌మార్కు నుంచి లెవెల్ తీసుకో తమ్మీ. నీ క్లౌడ్ తప్పో వాళ్లది తప్పో అప్పుడే తెలుస్తది. తేలేదాక ముందు సెక్షన్ల మీద ఎం-బుక్ రాయకు.

హాలియా లెవెల్: 1,300 తూము, 3,475 తూము కూడా డీఎక్స్‌ఎఫ్‌ల ఉన్నయి. పొద్దున్నే ఆటో లెవెల్ తీసుకపోతున్న. రీడింగులు ఇక్కడనే పెడ్త.