కొమొడో దీవిలో ఒక్క రోజు: ఓడవాళ్ల టూరు తీసుకోవాలా, బయట గైడ్‌ని పెట్టుకోవాలా?

ఎంవీపీ శ్రీను

సింగపూర్‌లో ఎక్కి బాలిలో దిగే క్రూజ్ బుక్ చేశాం, నవంబర్ చివర్లో ప్రయాణం. మధ్యలో ఒక రోజు కొమొడో దీవి దగ్గర ఓడ ఆగుతుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు అని రాసి, పక్కన "టెండర్ పోర్ట్" అని పెట్టారు. ఐదుగురం వెళ్తున్నాం. నాన్నకి 67, షుగరుంది, రక్తం పలచబడే మాత్ర వాడతారు. అమ్మకి 62, మోకాళ్ల నొప్పులు. ఇంకా నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు.

ఓడవాళ్ల టూరు ధర ఐదుగురికి లెక్కేస్తే కళ్లు తిరిగాయి. బయట గైడ్ అయితే బాగా తక్కువకి వస్తుందని ఒక ఏజెంటు అంటున్నాడు. అసలు తేడా ఏంటి? నడక ఎంతుంటుంది? ఆ డ్రాగన్లున్న చోటికి పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా? ఇంకోటి, నీళ్లూ తిండీ మనమే పట్టుకెళ్లాలా?

---

లంగరు

శ్రీను గారూ, ఫుకెట్, పెనాంగ్ లాంటి చోట్ల బయట గైడ్ మాట నేనూ ఒప్పుకుంటాను. దిగగానే టాక్సీలుంటాయి, ఊరుంటుంది, మీ ఇష్టం. కొమొడోలో అది నడవదు. మిమ్మల్ని దింపేది లోహ్ లియాంగ్ అనే చోట. అక్కడ ఒక జెట్టీ, రేంజర్ల ఆఫీసు, నాలుగు దుకాణాలు, ఆ వెనకంతా నేషనల్ పార్కు. 1980లో పార్కు అయింది, 1991లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రేంజర్ లేకుండా జెట్టీ దాటి కాలిబాట పట్టడానికి వీల్లేదు. అందుకే చాలా క్రూజ్ కంపెనీలు ఇక్కడ టూరు టికెట్ లేనివాళ్లని టెండర్ బోటే (ఓడ నుంచి ఒడ్డుకి చేర్చే చిన్న బోటు) ఎక్కనివ్వవు. కొన్ని మాత్రం బయట గైడ్ ఇచ్చిన బుకింగ్ కాగితం చూపిస్తే వదులుతాయి. మీ కంపెనీ ఏ రకమో ఏజెంటుని అడక్కండి, కంపెనీకే మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకోండి. ఆ జవాబు రాకముందు గైడ్‌కి అడ్వాన్సు కట్టొద్దు.

వదులుతారనే అనుకుందాం. అప్పుడు కూడా మూడు తేడాలున్నాయి.

మొదటిది వరస. టెండర్లలో ముందు ఓడవాళ్ల టూరు జనాన్ని దింపుతారు, మిగతావాళ్లకి నంబరు చీటీ ఇచ్చి కూర్చోబెడతారు. మీ వంతు వచ్చేసరికి పదిన్నర దాటొచ్చు. అప్పటికి ఎండ నెత్తి మీదికి వస్తుంది, డ్రాగన్లనే ఆ పెద్ద ఉడుములు కూడా నీడ చూసుకుని కదలకుండా పడుకుంటాయి. రెండోది, ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ గైడ్ ఆలస్యం చేస్తే ఆగదు. కొమొడోలో ఓడ తప్పిపోతే బోటు పట్టుకుని ఫ్లోరెస్ దీవిలోని లబువాన్ బాజోకి, అక్కడి నుంచి విమానంలో బాలికి సొంత డబ్బుతో చేరుకోవాలి. మూడోది డబ్బు. అలలెక్కువై కెప్టెన్ ఈ స్టాప్ రద్దు చేస్తే ఓడ టూరు డబ్బు మీ ఖాతాకి తిరిగొస్తుంది, బయట గైడ్ అడ్వాన్సు వాళ్ల దయ.

కాబట్టి ఈ ఒక్క చోట ఓడవాళ్లకే కట్టండి. మిగులు చూసుకోవాలంటే బాలిలో చూసుకోండి.

నడక సంగతి. సాధారణంగా చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు దారులుంటాయి. చిన్నది కిలోమీటరు, కిలోమీటరున్నర ఉంటుంది. దాదాపు చదునైన మట్టి బాట, రేంజర్ ఆగి మాట్లాడేది కలుపుకుని ముప్పావు గంట నుంచి గంట. మధ్యదానిలో సల్ఫురియా కొండ ఎక్కిస్తారు. పైనుంచి సముద్రం బాగుంటుంది కానీ చెట్టు నీడ ఉండదు, దిగేటప్పుడు గులకరాళ్లు జారుతాయి. అమ్మగారికి వద్దు. పెద్దది మీకు అక్కర్లేదు. జంతువులు కనపడే అవకాశం చిన్న దారిలో తక్కువేం కాదు, జెట్టీ దగ్గరి చెట్ల కింద, నీటి గుంట చుట్టూనే చాలాసార్లు పడుకుని ఉంటాయి. టూరు బుక్ చేసేటప్పుడు వివరణలో "కష్టం: తక్కువ" అని ఉందో లేదో, ఎన్ని మెట్లో చదవండి, మొదటి స్లాటు పట్టండి. కొన్ని ఓడల్లో ఈ టూరుకి పిల్లల వయసు పరిమితి ఉంటుంది, అదీ చూసుకోండి.

అమ్మగారు నడవగలరో లేదో తెలుసుకోవాలంటే మన వైజాగ్ బీచ్ రోడ్డు సిమెంటు మీద కాదు, కంబాలకొండలో మట్టి దారి మీద ఉదయం తొమ్మిదింటికి ఒక గంట నడిపించి చూడండి. ఆగకుండా కాదు, నిలబడి నిలబడి. అక్కడ నిలబడడమే ఎక్కువ, మోకాళ్లకి అదే కష్టం.

---

మహారాణిపేట

పెద్దవాళ్ల ఆరోగ్యం సంగతి నేను చెబుతాను.

నాన్నగారి మాత్ర గురించి గైడ్‌కి ముందే చెప్పండి. కొమొడో డ్రాగన్‌కి వాసనే దారి. చీలిన నాలుకతో గాలిని రుచి చూస్తుంది, గాలి అనుకూలంగా ఉంటే కొన్ని కిలోమీటర్ల అవతలి కళేబరాన్నీ పసిగడుతుంది. దాని కింది దవడలో విష గ్రంథులున్నాయని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. కాటు పడితే రక్తం గడ్డకట్టనివ్వదు. రక్తం పలచబడే మాత్ర వేసుకునే మనిషికి అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. బయల్దేరే రోజు పొద్దున్న గడ్డం గీసుకోవద్దని చెప్పండి. కాలికి చేతికి ఉన్న చిన్న గీతలు కూడా నీళ్లకి ఊడని ప్లాస్టర్‌తో మూసేయండి. ఫుల్ ప్యాంటు, సాక్సు, మూసి ఉండే బూట్లు. చెప్పులతో వద్దు.

మీ ఆవిడకి ఆ రోజుల్లో నెలసరి అయితే రేంజర్‌కి గానీ టూరు డెస్కుకి గానీ ముందే చెప్పాలి. ఇది సిగ్గుపడే సంగతి కాదు, టూరు మొదట్లో వాళ్లే అడుగుతారు. ఎక్కువగా గుంపు మధ్యలో, రేంజర్ పక్కనే నడవమంటారు. కొన్ని కంపెనీలు వద్దనే అంటాయి, అది కూడా బుకింగ్‌కి ముందే అడిగేయండి.

మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి. నవంబర్ అక్కడ ఎండాకాలం చివర, వానలు అప్పుడప్పుడే మొదలవుతుంటాయి, ఎండ బాగా గట్టిగా ఉంటుంది. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తే ఉప్పు రెట్టింపై దాహం ఇంకా పెరుగుతుంది. నాన్నగారు తాగొచ్చా అనే అనుమానం వస్తుంది. లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే, అయినా ఒకసారి మీ డాక్టర్ని అడగండి. అట్టపెట్టెల్లో పళ్ల రుచితో దొరికే తియ్యటి పానీయాలు మాత్రం ఆయనకి వద్దు. షుగరు పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజు బిళ్లలు జేబులో ఉండాలి, సంచీలో కాదు.

తిండి మాత్రం పట్టుకెళ్లకండి. పులిహోర పొట్లం కట్టుకుందాం అనిపిస్తుంది గానీ, ఓడలోంచి విడి తిండి ఒడ్డుకి తేకూడదని చాలా ఓడల్లో రూలు, పార్కులో వాసన వచ్చే తిండి అసలే మంచిది కాదు. సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్ ఒకటి చాలు. దోమల మందు ఓడలోనే రాసుకుని దిగండి, ఆ ప్రాంతంలో మలేరియా, డెంగీ రెండూ ఉన్నాయి. ముందుజాగ్రత్త మాత్రలు కావాలా అన్నది ప్రయాణానికి నెల ముందే డాక్టర్ని కలిసి తేల్చుకోండి.

---

ఎంవీపీ శ్రీను

ఇద్దరికీ థ్యాంక్సండీ. ఓడ టూరే తీసుకుంటాం. ఇప్పుడు భయమంతా టెండర్ బోటు గురించే. అమ్మ అందులోకి ఎలా దిగాలి? బాబేమో పింక్ బీచ్ అంటున్నాడు, అదీ ఇదే రోజు అవుతుందా?

---

సరంగు_పోర్ట్ ఏరియా

కొమొడోలో జనానికి దెబ్బలు తగిలేది ఉడుముల వల్ల కాదు, ఈ బోటు ఎక్కి దిగేటప్పుడే.

పెద్ద ఓడ జెట్టీకి రాదు, లోతు చాలదు. బేలో లంగరేసి కింది డెక్కులో నీటి మట్టం దగ్గర తలుపు తీస్తారు. అక్కడ ఒక వేదిక, దానికి ఆనుకుని టెండర్. సాధారణంగా ఇద్దరు నావికులు అటూ ఇటూ నిలబడతారు. ఓడ కదలదు, బోటు మాత్రం పైకీ కిందికీ లేస్తుంటుంది. బోటు అంచు, వేదిక ఒక మట్టానికి వచ్చిన క్షణంలో నావికుడు "ఇప్పుడు" అంటాడు. అప్పుడే అడుగు వెయ్యాలి. దూకకూడదు, సగం అడుగేసి ఆగకూడదు. ఎక్కువమంది పడేది ఆ సగం అడుగులోనే.

అమ్మగారికి ఇలా చెప్పండి. నావికుడి అరచేయి పట్టుకోవద్దు, ఆయన ముంజేయి పట్టుకోవాలి, ఆయన మన ముంజేయి పట్టుకుంటాడు. చెమట చేతులు జారతాయి, ముంజేతులు జారవు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోను, గొడుగు, చేతిసంచీ అన్నీ వీపు సంచీలోకి. చీర వద్దు, పంజాబీ డ్రెస్ అయితే చున్నీ ముడేసుకోవాలి. మెట్టు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బోటులో మొదట ఎక్కి ముందుకి పోయి కూర్చుంటే ఊపు ఎక్కువ, మధ్యలో కూర్చోబెట్టండి. వాంతి మాత్ర వేసుకునేవాళ్లు ఓడ తలుపు దగ్గరికొచ్చాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి. వీల్‌చైర్ వాడేవాళ్లని అల ఎక్కువుంటే నావికులు దింపరు, వాదించి లాభం లేదు.

లోహ్ లియాంగ్ ఉన్నది కొమొడో దీవికి తూర్పు వైపు, స్లావీ బే లోపల. పడమటి గాలి వీచే రోజుల్లో అది కొంచెం చాటే. అయినా రద్దు చెయ్యాలా వద్దా అన్నది కెప్టెన్ మాటే.

గడియారం జాగ్రత్త. కొమొడో టైము సింగపూర్ టైమే, మనకంటే రెండున్నర గంటలు ముందు. జావా మీద ఆగి వస్తే అక్కడ ఒక గంట వెనక్కి ఉంటుంది. ఓడ ఆ టైము పెట్టుకుందో మార్చిందో ముందు రాత్రి క్యాబిన్‌కి వచ్చే కాగితంలో చూసి, చేతి గడియారం ఓడ టైముకి తిప్పండి. ఫోను సిగ్నల్‌ని నమ్మకండి. ఓడ 4కి కదులుతుందంటే చివరి టెండర్ అంతకంటే చాలా ముందే, దాని టైము అదే కాగితంలో ఉంటుంది. చివరి గంటలో జెట్టీ మీద క్యూ నీడ లేని చోట నిలబడుతుంది. పెద్దవాళ్లతో ఉన్నవాళ్లు దానికి రెండు బోట్ల ముందే తిరిగి రావాలి.

---

లంగరు

పింక్ బీచ్ వేరే టూరు, వేరే బోటు. కొన్ని ఓడలు రెండూ కలిపి అమ్ముతాయి కానీ అందులో డ్రాగన్ల దగ్గర నిలిచేది తక్కువ. ఇసుకలో ఆ రంగు ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల ఎర్రటి గుల్లలు తెల్ల ఇసుకలో కలవడం వల్ల. దోసిట్లోకి తీసుకుంటే మామూలు ఇసుకలో కుంకుమ పలుకులు చల్లినట్టుంటుంది, తడి ఇసుక మీదే గులాబీ రంగు బాగా తెలుస్తుంది. సీసాలో పోసి తెచ్చుకోకూడదు, పార్కులోంచి ఏదీ బయటికి తేకూడదు. ఆ జలసంధుల్లో ప్రవాహం చాలా జోరు. బాబుకి ఈతొచ్చినా లైఫ్ జాకెట్ విప్పనివ్వద్దు. మీ గుంపుకైతే డ్రాగన్ల టూరొక్కటే మేలంటాను.

బాట మీద బాబు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ల మధ్యే నడవాలి. పరుగు వద్దు, ఫొటో కోసం వంగి కూర్చోవడం వద్దు, ఏదీ ఊపొద్దు. రేంజర్ చేతిలో చివర చీలిన పొడవాటి కర్ర ఒకటుంటుంది, అంతే, తుపాకీ ఉండదు. మూడు మీటర్ల జంతువు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో కాసేపు పరిగెత్తగలదు, నిద్రపోతున్నట్టు ఉన్నదాన్ని అసలు నమ్మకూడదు. 2017లో సింగపూర్ పర్యాటకుడొకరి కాలు కొరికింది. ఆయన రేంజర్ లేకుండా దగ్గరికెళ్లి ఫొటోలు తీస్తున్నాడు. మీరు వెళ్లే నెలలో ఇంకో సంగతి. సెప్టెంబర్ ప్రాంతంలో గుడ్లు పెట్టిన ఆడవి గూటి దగ్గర కాపలా ఉంటాయి. బాట పక్కన మట్టి గుట్టలా కనిపిస్తే రేంజర్ చుట్టూ తిప్పి తీసుకెళ్తాడు, అడ్డంగా కోసుకుపోవద్దు. చెట్ల మీదికీ చూడమనండి బాబుని, డ్రాగన్ పిల్లలు పెద్దవాటికి ఆహారం కాకుండా మొదటి కొన్నేళ్లు కొమ్మల మీదే బతుకుతాయి. అన్నట్టు, చుట్టూ చూస్తే తాటిచెట్లు, చింతచెట్లే. మనవాళ్లకి ఇండోనేసియా అని నమ్మకం కలగదు.

వీసా గురించి మీరు అడగలేదు కానీ ముందు అదే చూడండి. భారత పాస్‌పోర్టుకి ఇండోనేసియా వీసా ఆన్ అరైవల్ ఉంది, ఆన్‌లైన్‌లోనూ తీసుకోవచ్చు, రుసుము 5 లక్షల రుపియా. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి. ముందే తీసుకోవాలా, ఓడలో చూస్తారా అన్నది కంపెనీకి పెట్టే ఆ మెయిల్లోనే అడగండి. సింగపూర్‌కి ముందే వీసా కావాలి. బాలి నుంచి మళ్లీ సింగపూర్ మీదుగా వైజాగ్ విమానం ఎక్కేలా ఉంటే ఆ వీసా రెండోసారి ప్రవేశానికి చెల్లుతుందో లేదో కాగితం మీద చూసుకోండి.

దుకాణాల్లో చెక్క డ్రాగన్లు అమ్మేది దీవిలో ఊరివాళ్లే. బేరం ఆడొచ్చు, డాలర్లు తీసుకుంటారు. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు మడత, గీత లేనివి ఉంచుకోండి, చిరిగినవి ముట్టుకోరు. పగడపు దిబ్బల ముక్కలు, వాటితో చేసిన దండలు కొనకండి, మన వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ రాతి పగడాలు రక్షిత జాబితాలో ఉన్నాయి, విమానాశ్రయంలో కస్టమ్స్ పట్టుకుంటే పెద్ద తంటా.