లేని ఫొటో స్థానంలో మరో బొమ్మ పంపేటప్పుడు సర్వర్ 200 (దొరికింది) అనాలా, 404 (దొరకలేదు) అనాలా?

ప్రశ్న:
మా వస్తువుల జాబితాలో ప్రతి వస్తువు ఫొటో పేరూ డేటాబేస్‌లో ఉంటుంది గాని, కొన్నింటికి డిస్కులో ఫైలే లేదు. పేజీని తయారుచేసే పీహెచ్‌పీ కోడ్‌లోనే ఫైల్ ఎగ్జిస్ట్స్ ఫంక్షన్‌తో చూసి, ఫైలు లేకపోతే "ఫొటో లేదు" అనే బొమ్మ చిరునామా పెట్టాలనుకుంటున్నాను. ఆ బాధ్యత వెబ్ సర్వర్‌కే అప్పగించాలని నా సహోద్యోగి వాదన. ఏది మేలు?

మొదటి జవాబు:
మీ పద్ధతే మేలు. బ్రౌజర్‌లో ఆన్‌ఎర్రర్‌కు (బొమ్మ రాకపోతే నడిచే కోడ్‌కు) వదిలేస్తే, ముందు ఒక అభ్యర్థన విఫలమైతే గాని బదులు బొమ్మ రాదు. ఆ బదులు బొమ్మే కనబడకపోతే అదే కోడ్ మళ్లీ మళ్లీ నడిచే ప్రమాదమూ ఉంది. అయితే ఆ ఫంక్షన్‌కు ఇవ్వవలసింది డిస్కులోని దారి. వెబ్ చిరునామాలోని ఏటవాలు గీతతో (/) మొదలయ్యే దారిని అలాగే ఇస్తే అది డిస్కు మూలం నుంచి వెతుకుతుంది, ఉన్న ఫొటోలన్నీ లేనట్టే తేలుతాయి.

రెండవ జవాబు:
నేను ఒప్పుకోను. పేజీని క్యాష్‌లో (మళ్లీ వాడేందుకు దాచే చోట) ఉంచితే ఆ పరీక్ష ఫలితం పాతబడుతుంది. ఈమెయిల్ నుంచో మరో సైటు నుంచో ఫొటోను నేరుగా అడిగేవారికి మీ పేజీ కోడ్‌తో సంబంధమే ఉండదు. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌లో ట్రై ఫైల్స్‌తో (ఫైలు లేకపోతే మరోదాన్ని పంపే ఆదేశంతో) ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

మొదటి జవాబు రాసినవారు:
ఆ ఒక్క వరుసతోనే అసలు చిక్కు. బదులు బొమ్మ 200తో వెళుతుంది, అంటే "మీరడిగిన ఫొటో ఇదే" అని సర్వర్ అబద్ధం చెప్పినట్టే. ఫొటోలకు ఏడాది క్యాష్ గడువు పెట్టి ఉంటే, రేపు అసలు ఫొటో ఎక్కించినా పాత సందర్శకులకు "ఫొటో లేదు" అనే కనిపిస్తుంది. ఏ ఫైళ్లు లేవో లాగ్‌లోనూ (సర్వర్ రాసుకునే చిట్టాలోనూ) తెలియదు.

రెండవ జవాబు రాసినవారు:
ఈ అభ్యంతరం సరైనదే గనుక ట్రై ఫైల్స్ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఎన్‌జింక్స్‌లో ఎర్రర్ పేజ్, అపాచీ అనే మరో వెబ్ సర్వర్‌లో ఎర్రర్ డాక్యుమెంట్ అనే ఆదేశం వాడి, సొంత సర్వర్‌లోని బొమ్మ దారి ఇస్తే, 404 అలాగే ఉండి దానితోపాటు బొమ్మ కూడా వెళుతుంది. 404తో వచ్చినా అది సరైన బొమ్మ అయితే బ్రౌజర్లు చూపిస్తాయన్నది చాలామంది గమనించని సంగతి. 404 కూడా క్యాష్‌లో చేరగలదు కాబట్టి తక్కువ గడువు చెప్పండి. ఎన్‌జింక్స్‌లో ఆ గడువును హెడర్‌గా (జవాబుతో వెళ్లే సమాచారపు వరుసగా) చేర్చే యాడ్ హెడర్ ఆదేశం చివర ఆల్వేస్ అనే మాట లేకపోతే ఆ హెడర్ 404కు చేరదు.

మొదటి జవాబు రాసినవారు:
చిత్రం సంగతి తేలింది, ఆల్ట్ పాఠం (బొమ్మను మాటల్లో వర్ణించే పాఠం) సంగతి తేలలేదు. ఫొటో లేదని పేజీకి తెలియకపోతే, కనబడని ఫొటోనే ఆల్ట్ వర్ణిస్తూ ఉంటుంది, స్క్రీన్ రీడర్ (తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాధనం) వాడేవారు దాన్నే నమ్ముతారు. అందుకే పేజీ కోడ్‌కు కూడా ఆ సమాచారం ఉండాలంటాను.

ప్రశ్న అడిగినవారు:
అయితే ప్రతి సందర్శనలో డిస్కును అడగకుండా, ఫొటో ఎక్కించినప్పుడూ తొలగించినప్పుడూ డేటాబేస్‌లో గుర్తు పెట్టి, ఆల్ట్‌ను దాన్నిబట్టి రాస్తాను. గుర్తు తప్పిన చోట సర్వర్ 404తో బొమ్మ పంపుతుంది.