బ్రిడ్జిలో ‘బిడ్’ని ‘పాట’ అంటే సరిపోతుందా?

ప్రశ్న, పాలకొల్లు నుంచి

మా క్లబ్బులో రమ్మీ బల్లలే ఎక్కువ, బ్రిడ్జి బల్ల ఒక్కటే. అదీ పెద్దవాళ్లతోనే నడుస్తోంది. కుర్రాళ్లని రప్పించడానికి తెలుగులో నాలుగు పేజీల కరపత్రం వేద్దామనుకున్నాం. ముక్కల పేర్లతో ఇబ్బంది లేదు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, ఆసు, రాజు, రాణి, జాకీ, తురుపు, అన్నీ ఎప్పట్నుంచో మనం అంటున్నవే. చిక్కల్లా బిడ్డింగు దగ్గర, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే విడతలు) గెలుస్తామో ఆటకి ముందు ఒకరిమీద ఒకరు పలికే దగ్గర వచ్చింది. రాసినాయన ‘పాట’ అని రాశారు. ఇంకొకాయన ‘అది చేపల చెరువుకి వాడే మాట, ఇక్కడ నప్పదు’ అని కొట్టేశారు. మధ్యేమార్గంగా ‘పిలుపు’ అని ఇంకో సూచన వచ్చింది. గ్రూపులో పెద్దలు ఏదో ఒకటి తేల్చండి.

అమలాపురం నుంచి

‘పిలుపు’ మాత్రం వద్దండీ. ‘నాలుగు ఇస్పేట్ల పిలుపు’ అంటే మా ఇళ్లలో ఆడవాళ్లు ఎవరి పెళ్లని అడుగుతారు.

భీమవరం నుంచి

‘పాట’ అనే రాయండి. నేను బ్రిడ్జి ఆడతాను, చెరువు పాటలకీ వెళ్తాను. అంచేత రెండువైపులా చెప్పగలను.

చెరువు మాట అని చిన్నచూపు దేనికి? మన డెల్టాలో పాట లేని వ్యవహారం ఎక్కడుందండీ? పంచాయతీ చెరువుకి పాట, దేవుడి మాన్యం కౌలుకి పాట, రేవుకి పాట, చీటీకి పాట, వినాయక చవితి లడ్డూకి పాట. గోదారికి ఎర్రనీరు వచ్చాక దొరికే పులసకి యానాంలో పాటే. ఆ మాటకొస్తే ఇంగ్లీషులోనూ అది వేలం మాటే. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడ ప్రయాణంలో కూర్చుని కాంట్రాక్టు బ్రిడ్జికి లెక్కలు కట్టాడు. అంతకుముందు ఆడుతూ వచ్చింది ఆక్షన్ బ్రిడ్జి, అంటే వేలంపాట బ్రిడ్జి. అందులో తక్కువకి పాడి ఎక్కువ ట్రిక్కులు చేసినా అవి గేము (బోనసు తెచ్చే గెలుపు) లెక్కలోకి వచ్చేవి. వాండర్‌బిల్ట్ లెక్కలో పాడినంతకే గేము. రెండు ఇస్పేట్లు, అంటే ఆరుకి పైన రెండు, మొత్తం ఎనిమిది ట్రిక్కులు పాడి పది చేస్తే మెచ్చుకుంటారు గానీ గేము బోనసు ఇవ్వరు. పాటకి అంత బరువు వచ్చింది అప్పట్నుంచే.

ఇక ఆ మాట ఎందుకు నప్పుతుందో చెప్తాను. కొత్తవాళ్లకి ముందుగా నేర్పేది పాయింట్లు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, మొత్తం పేకలో 40. జోడీ ఇద్దరి దగ్గరా కలిపి 25 దాకా ఉంటే గేము, 33 ఉంటే చిన్న స్లామ్ (పదమూడింటిలో పన్నెండు ట్రిక్కులు) అని లెక్క. కరపత్రంలో ఇది ఉండాల్సిందే. కానీ నన్నడిగితే పాయింట్లు ధరావతు. ధరావతు కడితే పాటలో కూర్చోనిస్తారు. ఎంతవరకు పాడాలో అది చెప్పదు. అది తెలిసేది ఎదుటివాళ్లు పాడింది విన్నాకే.

ఆఠీను రాజు, దానికి తోడు రెండు చిన్న ముక్కలు నా దగ్గర ఉన్నాయనుకోండి. పంచగానే దాని విలువ 3. నాకంటే ముందు ఆడే ప్రత్యర్థి ఆఠీన్లు పాడితే ఆ రాజు బలపడినట్టే. ఆసు అతని దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ, అతని తరవాత ముక్క వేసేది నేను. అదే నా తరవాత ఆడేవాడు ఆఠీన్లు పాడితే ఆ రాజు ఉన్నా లేనట్టే, నేను వెయ్యగానే వెనకనుంచి ఆసు పడుతుంది. ముక్క మారలేదు, పాట మారింది. లెక్క ఒక్కటే పట్టుకున్నవాడు రెండుచోట్లా మూడే వేసుకుంటాడు.

ఇంకో చెయ్యి చూడండి. ఇస్పేటులో రాణి, పది, ఏడు, నాలుగు, రెండు. ఆఠీనులో మూడు ఒక్కటే. డైమనులో రాజు, తొమ్మిది, ఎనిమిది, అయిదు. కళావరులో ఎనిమిది, ఆరు, నాలుగు. పాయింట్లు అయిదే. జోడీ ఒక ఇస్పేటు పాడాడు, మధ్యలో ప్రత్యర్థి రెండు ఆఠీన్లు అన్నాడు. పాయింట్లు లెక్కపెట్టేవాడు రెండు ఇస్పేట్లని ఊరుకుంటాడు. నేనైతే ఒక్క ఊపున నాలుగు ఇస్పేట్లు పాడతాను. మా ఒప్పందం ప్రకారం ఒక ఇస్పేటు పాడితే అతని దగ్గర కనీసం అయిదు ఇస్పేట్లుంటాయి. నావి అయిదు కలిపితే పది తురుపులు. మనకి ఎన్ని తురుపులుంటే అన్ని ట్రిక్కుల మట్టుకు పోటీ పడొచ్చు అన్నది జాఁ రెనె వెర్న్ అనే ఫ్రెంచి ఆయన 1960ల్లో చెప్పిన సూత్రం నుంచి పుట్టిన మాట. నాలుగు ఇస్పేట్లు కాకపోయినా ఫర్లేదు. ఎదుటివాళ్లు తమ చేతుల సంగతి ఒకరికొకరు చెప్పుకునే చోటు లేకుండా పోయింది, నాక్కావలసింది అదే.

ఇప్పుడు అసలు పరీక్ష. నా తరవాతవాడు అయిదు ఆఠీన్లు అన్నాడు. నా జోడీ పాసు, ఆ పక్క ఆయన పాసు. పాట మళ్లీ నా దగ్గరికొచ్చింది. చాలామంది ఇక్కడే రోషపడి అయిదు ఇస్పేట్లు అనేస్తారు. నా చేతిలో ఉన్నదంతా నాలుగు ఇస్పేట్లలోనే చెప్పేశాను. అది విన్న జోడీ, తన ముక్కలు చూసుకుని, డబుల్ (మీరు చెయ్యలేరని లెక్క పెంచడం) చెయ్యకుండా, పైకి పాడకుండా పాసన్నాడు. నేను మళ్లీ పాడితే అదే సరుకుని రెండోసారి అమ్మినట్టు. పాసే.

రామచంద్రపురం నుంచి

దేవాదాయ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి, కౌలు పాటలు నడిపిన అనుభవంతో చెప్తున్నాను. భీమవరం గారి వాదన బాగుంది గానీ ఒప్పుకోలేను. పాటకి సర్కారు పాట అనేది ముందు ఉంటుంది, దాని కిందకి ఎవరూ పాడకూడదు. మీ ఆటలో అది ఎవరు పెడతారు?

రెండోది దీనికన్నా పెద్దది. వేలంలో ఎవడి పాట వాడిదే. ఇద్దరు ముందే చెట్టుకింద మాట్లాడుకుని వస్తే దాన్ని రింగు అంటాం, పాట రద్దు చేస్తాం. మీ బ్రిడ్జిలో ఇద్దరు ముందే ఒప్పందం పెట్టుకుని కూర్చుంటామని మీరే రాశారు!

ఇంకా ఉంది. పాటలో ఆరితేరినవాడు అంకె వినడు, గొంతు వింటాడు. ఎకరానికి ఇంకో వెయ్యి అనేటప్పుడు గొంతు కాస్త తగ్గితే, వీడి పని అయిపోయిందని తెలిసిపోతుంది. చీటీ పాటలోనూ అంతే. అవసరం ఉన్నవాడు ఎంత దాచుకున్నా నోరు విప్పగానే పట్టేస్తారు. బ్రిడ్జిలోనూ గొంతు వింటారా?

భీమవరం నుంచి

మాస్టారూ, సర్కారు పాట దగ్గర మీదే గెలుపు. మొదటి పాట పాడాలంటే 12 పాయింట్లయినా ఉండాలని నేర్పుతాం గానీ, అది మేం పెట్టుకున్న కట్టుబాటు. ఆట చట్టం అడిగేది ముందున్నదానికంటే పైపాట కావాలని మాత్రమే.

రింగు మాటకి ఒప్పుకోను. బ్రిడ్జిలో జోడీ ఒప్పందం ఉండొచ్చు, రహస్య ఒప్పందం ఉండకూడదు. ఏ పాటకి ఏమర్థమో ఎదుటివాళ్లు అడిగితే చెప్పి తీరాలి. పోటీల్లో కార్డు మీద రాసి బల్లమీద పెడతారు. రింగు కట్టినవాళ్లు తమ ఒప్పందాన్ని నోటీసు బోర్డుకి అంటించి పాటకి కూర్చున్నట్టన్నమాట.

గొంతు సంగతి మాత్రం మంచి చోట పట్టుకున్నారు. ఎదుటివాడు తడబడితే దాన్నుంచి ఊహించుకునే హక్కు నాకుంది, ఊహ తప్పితే ఆ నష్టం నాదే. నా జోడీ తడబడితే మాత్రం నేను వినకూడదు. పైన చెప్పిన చేతిలో నా జోడీ టక్కున పాసనకుండా, నిట్టూర్చి, పైకి చూసి, అప్పుడు పాసన్నాడనుకోండి. అతనికి పాడాలని ఉందని నాకు తెలిసిపోయింది. దాన్ని పట్టుకుని అయిదు ఇస్పేట్లంటే అది అన్యాయం, పోటీ నడిపే డైరెక్టరు వచ్చి ఫలితం మార్చేస్తాడు. అందుకే పెద్ద పోటీల్లో నోటితో పాడరు. డబ్బాలోంచి చీటీ తీసి బల్లమీద పెడతారు. జోడీ మొహం కనపడకుండా బల్లకి అడ్డంగా తెర కడతారు. ప్రపంచ పోటీ బెర్ముడా బౌల్‌లో 1975లో తెర కడితే, బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకుంటున్నారని ఇద్దరు ఇటలీ ఆటగాళ్ల మీద ఆరోపణ వచ్చింది. దాంతో కిందా అడ్డం పెట్టారు.

కాబట్టి ఇది గొంతు లేని పాట. మాట తీసెయ్యడానికి అది కారణం కాదంటాను. పుస్తకంలో అచ్చయిన పాటని పాట కాదంటామా?

నర్సాపురం నుంచి

మా నాన్నగారు రేవు పాటలకి వెళ్లేవారండి. ఆయన చెప్పేది ఒకటే. ‘మనకి రేవు అక్కర్లేకపోయినా అవతలివాడిని పెంచడానికి పాడతావు. వాడు ఆగిపోతే ఆ పాట నీ మెడకి చుట్టుకుంటుంది.’ బ్రిడ్జిలో అలాంటిది ఉంటుందా అన్నయ్యగారూ?

భీమవరం నుంచి

ఉంటుందమ్మా, దానికి శాస్త్రమే ఉంది. ఎదుటివాళ్లు వల్నరబుల్‌గా (గెలిస్తే బోనసూ, ఓడితే జరిమానా ఎక్కువయ్యే వంతు) ఉండి నాలుగు ఇస్పేట్లు చేస్తే వాళ్లకి 620. మనం వల్నరబుల్ కాదు. అయిదు డైమన్లు పాడి, వాళ్లు డబుల్ చేసి, మూడు ట్రిక్కులు తగ్గితే మనకి పోయేది 500. ఓడిపోతామని తెలిసే పాడాం, అయినా 120 మిగిలింది. నాలుగు తగ్గితే 800 పోతుంది, అప్పుడు మీ నాన్నగారు చెప్పిందే నిజం. ఇంతకన్నా అన్యాయం ఒకటుంది. వాళ్ల నాలుగు ఇస్పేట్లు ఎలాగూ చెయ్యలేనివి, మనమే తొందరపడి పాడి వాళ్లని కాపాడాం. బల్ల దగ్గర జోడీలు విడిపోయేది ఎక్కువగా ఈ చేతుల మీదే.

దీనికి ఎదురు వైపుది కూడా కరపత్రంలో పెట్టండి. జట్ల పోటీలో మనం వల్నరబుల్‌గా ఉన్నప్పుడు గేము పాడి చేస్తే, పాడని జట్టు కంటే 10 ఇంపులు (రెండు జట్ల తేడాని కొలిచే పాయింట్లు) ఎక్కువొస్తాయి. పాడి ఒక్క ట్రిక్కు తగ్గితే పోయేవి 6. అంటే నూటికి 38 సార్లు నెగ్గే గేమయినా పాడటమే లాభం. మన పెద్దవాళ్లు ‘చెయ్యలేనేమో’ అని మూడు దగ్గర ఆగిపోవడం చూస్తుంటే నాకు మా చెడ్డ టెన్షన్.

తణుకు నుంచి

పాట అంటున్నారు, పేకాట అంటున్నారు. కరపత్రం పోలీసుల కంట పడితే జూదం అనుకోరు కదా?

రామచంద్రపురం నుంచి

రమ్మీ మీద మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసుంది, 1967లో తీర్పు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జిలో ఉన్నదానికంటే ఎక్కువేం కాదని కోర్టు చెప్పింది. అంటే రమ్మీని కొలవడానికి బ్రిడ్జినే తూకపురాయిగా పెట్టుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి మొదటిసారి పెడితే పురుషుల జోడీల్లో బంగారం ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్‌లకి, మన దేశానికే వచ్చింది. ఇది కూడా రాయండి, కుర్రాళ్లకి పనికొస్తుంది. డబ్బు పెట్టి ఆడితే మాత్రం అది వేరే కథ.

గొంతు లేని పాట అన్న మాటకి నేను దిగొచ్చాను. నా తరఫున ఒకటి కలుపుతాను. ఒకరు పాడాక వరసగా ముగ్గురు పాసంటే పాట ముగుస్తుందట కదా. మేం సుత్తి కొట్టేది కూడా ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అన్నాకే.

పాలకొల్లు నుంచి

ధన్యవాదాలండీ. అయితే ఇలా రాస్తున్నాం. బిడ్‌కి ‘పాట’, ఓపెనింగుకి ‘మొదటి పాట’, ఎదుటివాళ్లు మొదలెట్టాక మనం పాడేదానికి ‘ఎదురుపాట’, ఆఖరికి పాట ఎవరికి దక్కిందో వాళ్లు ‘పాటదారు’. నోట్రంపుని ‘తురుపు లేని పాట’ అంటే పొడుగైపోతోంది, నోట్రంపనే ఉంచుతున్నాం. డబుల్‌కి, రీడబుల్‌కి (డబుల్ మీద మళ్లీ డబుల్) ఏమనాలి?

అమలాపురం నుంచి

‘పాటదారు’ దగ్గర చూసుకోండి. ఇస్పేట్లు మొదట పాడినవాడు ఒకడు, ఆఖరి పాట పాడినవాడు వాడి జోడీ అయినా, ఆడేది మొదట ఆ రంగు పాడినవాడే. వేలంలో అలా ఉండదు. ఒక వాక్యం కలపండి.

భీమవరం నుంచి

ఆయ్, అది మర్చిపోకూడదు. డబుల్‌ని డబుల్‌గానే ఉంచండి, ‘రెట్టింపు’ అంటే బల్ల దగ్గర ఎవరూ అనరు. రీడబుల్ గురించి బెంగ వద్దు, అది వచ్చినరోజు పక్క బల్ల రమ్మీవాళ్లు కూడా లేచొచ్చి చూస్తారు, అప్పుడు వాళ్లే అడుగుతారు.