గోల్ఫ్‌లో నాలుగడుగుల పట్‌కి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

తొమ్మిదో గ్రీన్:
పొట్టి పట్‌లు (గ్రీన్ అనే నున్నటి గడ్డి మీద బంతిని కప్పులోకి, అంటే గుంతలోకి దొర్లించే దెబ్బలు) తప్పుతున్నవాళ్లకి రెండు రకాల సలహాలు వినిపిస్తున్నాయి. పడుతుందని గట్టిగా నమ్మి కొట్టమనేది ఒకటి, నమ్మకం సంగతి పక్కనపెట్టి స్ట్రోక్, అంటే కర్రని ఊపే తీరు, సరిచేసుకోమనేది ఇంకొకటి. నేను రెండోదాని వైపే. పది అడుగుల పట్‌లో బంతి ఒక్క డిగ్రీ పక్కకి బయల్దేరితే కప్పు దగ్గరికి వెళ్లేసరికి రెండంగుళాలు తప్పుతుంది. కప్పు మధ్య నుంచి అంచుకి ఉన్నదే 2.125 అంగుళాలు. పటర్ (పట్‌కి వాడే కర్ర) ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, తిరిగిపోతుంటే నమ్మకం ఏం చేస్తుంది?

ప్రీషాట్:
అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్ ఆటగాళ్లకే ఎనిమిది అడుగుల నుంచి దాదాపు సగమే పడతాయండీ. అందుకే ‘ఇది పడాల్సిందే’ అని మనసుకి చెప్పుకుంటే రెండు తప్పగానే ఆ ధైర్యం పోతుంది. మనసుకి ఫలితం కాదు, పని అప్పజెప్పాలి: ఈ లైన్ (బంతి వెళ్లాల్సిన దారి) మీద, ఈ స్పీడ్‌తో బంతిని పంపడం. బంతి వెనక నిలబడి లైన్ ఖాయం చేసుకోండి. పక్కకొచ్చి కప్పునే చూస్తూ ఒకటి రెండు ఊపులు. పటర్ పెట్టాక కప్పు వైపు చివరి చూపు, మళ్లీ బంతి మీదికి, వెంటనే స్ట్రోక్. బంతి వెళ్లాక కూడా చూపు క్షణంసేపు అక్కడే ఉండాలి. చెడేదంతా ఆ చివరి చూపుకీ స్ట్రోక్‌కీ మధ్యే. అక్కడ నాలుగైదు సెకన్లు ఆగితే చేతులు బిగుసుకుంటాయి, లైన్ మీద అనుమానం మొదలవుతుంది. అనుమానంతో మాత్రం కొట్టొద్దు, పక్కకి జరిగి మళ్లీ మొదలుపెట్టండి. రూల్స్ ఒక దెబ్బకి సూచించే 40 సెకన్లు దానికి సరిపోతాయి.

తొమ్మిదో గ్రీన్:
బాగుంది. కానీ బంతి లైన్ మీదే వెళ్లిందని తెలిసేదెలా? గేటు పెట్టాలి. చదునైన చోట కప్పుకి నాలుగడుగుల దూరంలో బంతి, దానికి అడుగు ముందు రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు), మధ్యలో రెండంగుళాల సందు. బంతి వ్యాసం 1.68 అంగుళాలు కాబట్టి ముప్పావు డిగ్రీ దాటి పక్కకి పోతే టీకి తగులుతుంది. అదే దూరంలో కప్పు అయితే రెండున్నర డిగ్రీల దాకా తప్పినా బంతిని పడనిస్తుంది. అంటే గేటు మూడింతలు కఠినం. వరుసగా పది దాటించినవాడికి కోర్స్ మీద తన చేతుల గురించి బెంగ ఉండదు. గేటు దాటాక కూడా తప్పితే స్ట్రోక్ జోలికి పోవద్దు, లోపం రీడ్‌లోనో (గ్రీన్‌ని చూసి బంతి దారి అంచనా వేయడంలో) స్పీడ్‌లోనో ఉంది.

బెర్ముడా:
ఆ రీడ్ దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. బెర్ముడా అనే రకం గడ్డి ఉన్న గ్రీన్ మీద కప్పు అంచుని వంగి చూడండి. ఒక పక్క గడ్డి నున్నగా తెగి ఉంటుంది, ఎదుటి పక్క చిరిగి, ఎండి గోధుమరంగులో ఉంటుంది. గడ్డి వాలింది ఆ చిరిగిన పక్కకే. బంతి వెనక నుంచి చూస్తే గ్రీన్ మెరుస్తోందంటే గడ్డి కప్పు వైపే వాలి ఉన్నట్టు, బంతి జోరుగా పోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు. సాయంత్రానికి గడ్డి పెరిగి, పొద్దున కుదిరిన స్పీడ్‌కి బంతి కప్పుకి ముందే ఆగిపోతుంది. ఆడేవాడేమో చెయ్యి పోయిందనుకుని రౌండ్ మధ్యలో గ్రిప్ (కర్ర పట్టుకునే తీరు) మార్చేస్తాడు.

ప్రీషాట్:
గేటులో పది దాటించినవాడే పోటీలో పద్దెనిమిదో హోల్ దగ్గర వణుకుతాడు. ఒకే చోట నుంచి, ఏ నష్టమూ లేకుండా కొట్టడం వల్ల. గేటు తీసేసి కప్పు చుట్టూ నాలుగడుగుల్లో ఎనిమిది చోట్ల గుర్తులు పెట్టండి. ఒకటే బంతి, ప్రతిసారీ నేను పైన చెప్పిన పూర్తి రొటీన్. ఒక్కటి తప్పినా మొదటికే. ఏడు పడ్డాక ఎనిమిదోదానికి గుండె కొట్టుకోవడమే ఇక్కడ కావాల్సింది.

ఎడమచెయ్యి కింద:
భయం వేరు, యిప్స్ వేరు. ఇంపాక్ట్ దగ్గర, అంటే పటర్ బంతిని తాకేటప్పుడు, మణికట్టు దానంతటదే కుదుపుకి లోనైతే అది యిప్స్. దానికి డ్రిల్లులూ ధైర్యవచనాలూ సరిపోకపోవచ్చు, కొందరిలో అది నరాలకి సంబంధించింది. జర్మనీ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్ యిప్స్‌తో ఏళ్ల తరబడి బాధపడుతూనే గ్రిప్పులు మార్చుకుని 1985లో, 1993లో మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచాడు. ఇలాంటివాళ్లు ముందు పటర్ మీద ఎడమచెయ్యిని కుడిచేతి కిందికి తెచ్చి, లేదా క్లా గ్రిప్‌తో (కింది చేతి వేళ్లతో పంజాలా పట్టుకుని) ప్రయత్నించాలి.

తొమ్మిదో గ్రీన్:
యిప్స్ విషయంలో ఒప్పుకుంటున్నాను. ప్రీషాట్ గారూ, ‘తప్పితే మొదటికే’ అనేది మాత్రం కొత్తవాళ్లకి వద్దు. అలిసిపోయి తప్పుతూనే ఇంటికెళ్తారు. వాళ్లకి మూడడుగులు, నాలుగు గుర్తులు, పదిహేను నిమిషాలు. ఆ టైమ్ అయ్యేసరికి ఎన్ని పడితే అన్ని.