అరువు లెన్స్‌తో మసాయి మారా: కెమెరా ఇన్సూరెన్స్ తీసుకోవాలా, దండగా?

కృష్ణాతీరం:
ఆగస్టులో కెన్యాలో మసాయి మారా సఫారీకి వెళ్తున్నా. కెమెరా బాడీ నాదే, 200-600 లెన్స్ మాత్రం ఫ్రెండ్ దగ్గర తీసుకుంటున్నా. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటుంది కదా, కెమెరాకి మళ్ళీ వేరే పాలసీ కావాలాండీ?

గుల్మొహర్:
ట్రావెల్ పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. అందులో బ్యాగేజీ కవర్ అంటే చాలావరకు చెకిన్ చేసిన బ్యాగ్ ఎయిర్‌లైన్ పోగొడితే ఇచ్చేది, ఒక్కో వస్తువుకి లిమిట్ ఉంటుంది, చాలా పాలసీల్లో కెమెరాల్లాంటి ఖరీదైనవి అసలు ఉండవు. మీకు కావాల్సింది ఆల్ రిస్క్ పాలసీ, అంటే దొంగతనం, ప్రమాదవశాత్తు విరగడం లాంటివన్నీ కవర్ చేసేది, దానికి వరల్డ్‌వైడ్ ఎక్స్‌టెన్షన్. అది అడిగి రాయించుకోకపోతే మామూలుగా ఇండియా వరకే. సీరియల్ నంబర్లు కూడా ఎక్కించండి.

పాతరీల్:
అంతా దండగ. నా 70-200 లెన్స్ అలాగే పోయింది. కార్లో పెట్టి భోజనానికి వెళ్ళొచ్చేలోపు అద్దం పగలగొట్టి ఎత్తుకుపోయారు. వరల్డ్‌వైడ్ కవర్ ఉంది, పోలీస్ రిపోర్ట్ ఉంది, అయినా కార్లో మనిషి లేడు కాబట్టి ఇవ్వం అన్నారు.

నల్లమల:
స్పేర్ బ్యాటరీలు చెకిన్‌లో వేయకండి, హ్యాండ్ బ్యాగ్‌లోనే. నైరోబీలో విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి మారాకి చిన్న విమానమైతే మామూలుగా 15 కిలోలే, హ్యాండ్ లగేజీతో కలిపి.

గుల్మొహర్:
@పాతరీల్ బ్యాగ్ డిక్కీలో ఉందా, సీట్లో ఉందా? తాళం వేసి, బయటికి కనపడకుండా పెట్టి, పగలగొట్టిన ఆనవాళ్ళు ఉంటే ఇచ్చే పాలసీలు ఉన్నాయి.

పాతరీల్:
తాళం వేసే ఉంది.

గుల్మొహర్:
డిక్కీనా, సీటా?

పాతరీల్:
సీటే అనుకోండి, అయితే దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?

బందరు కుర్రాడు:
చెకిన్‌లో వేసేస్తే పోయినా ఎయిర్‌లైనే ఇస్తుంది కదా బ్రో

గుల్మొహర్:
అంతర్జాతీయ విమానాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబర్ 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్క యూనిట్) దాకానే, అంటే రెండు లక్షలకి అటూఇటూ, బట్టలూ కెమెరా అన్నీ కలిపి. @పాతరీల్ క్లెయిమ్ కొట్టేశాక బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి, అదే కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి దగ్గరికి వెళ్ళారా? హైదరాబాద్‌లో ఆఫీసుంది, ఫీజు లేదు, ఏడాదిలోపు వెళ్ళాలి. నా లెన్స్ మౌంట్ విరిగినప్పుడు తరుగుదల, ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) పోను మిగతాది వచ్చింది. మీరు సీట్లో వదిలేసి కంపెనీని తిడితే ఎలా?

పాతరీల్:
సీట్లో వదిలేసింది నేను కాదండీ! ఆ ట్రిప్‌కి నేను వెళ్ళనే లేదు. నా ఫ్రెండ్ అడిగితే ఇచ్చా, ఇరవయ్యేళ్ళ స్నేహం. పోయిందని ఫోన్ చేసి "ఇన్సూరెన్స్ ఉంది కదరా, కంగారెందుకు" అన్నాడు. క్లెయిమ్ కొట్టేశాక ఫోన్ ఎత్తడం మానేశాడు, ఇప్పటిదాకా ఒక్క రూపాయి ఇవ్వలేదు, వాళ్ళమ్మాయి పెళ్ళికి కూడా పిలవలేదు.

గుల్మొహర్:
అయ్యో, అది ముందే చెప్పాల్సింది కదండీ. కానీ పాలసీ తీసుకునేటప్పుడు ఇంకొకరి చేతికి ఇస్తే కవర్ ఉంటుందా అని అడిగారా? మా క్లబ్‌లో కుర్రాళ్ళకి నేను లెన్సులు ఇస్తుంటా, ఆ మాట కంపెనీతో కాగితం మీద రాయించుకునే ఇస్తా. ఇచ్చినవాడే చూసుకోవాలి, పోతే వాళ్ళని అడగను.

పాతరీల్:
అదే తప్పంటున్నా. తీసుకెళ్ళినవాడు పూర్తిగా కట్టాలి, కంపెనీ ఇచ్చినా ఇవ్వకపోయినా. మీకు స్తోమత ఉంది కాబట్టి అడగరు. నేను ఆ లెన్స్ కోసం రెండేళ్ళు ఇ.ఎం.ఐ. కట్టా, పోయాక కూడా ఏడు నెలలు కట్టా.

నల్లమల:
పాతరీల్ గారితో ఏకీభవిస్తా. అరువు తెచ్చుకున్న వస్తువు పోతే మనదే బాధ్యత.

గుల్మొహర్:
ఇలా లెక్కలు రాసుకుంటే కుర్రాళ్ళకి ఎవరిస్తారండీ లెన్సులు? కొనుక్కోలేకే కదా అడిగేది.

చిలకలూరి:
వెళ్ళేముందు శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు డ్యూటీ అడగరు. సీరియల్ నంబర్ చూస్తారు, కాస్త ముందుగా వెళ్ళండి.

కృష్ణాతీరం:
రాత్రి ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. పాలసీ ఉందట, ఇండియా వరకే. వరల్డ్‌వైడ్‌కి అయ్యే ఎక్స్‌ట్రా నేను కడతానన్నా. క్లెయిమ్ రాకపోతే ఎవరు కట్టాలన్నది మాత్రం అడగలేకపోయా, మొహమాటం అడ్డొచ్చింది.

పాతరీల్:
అడగండి బాబూ. మావాడు కూడా అడగలేదు, నేనూ చెప్పలేదు.